దమ్ము చాలని మార్గశిరం: ఒక సన్నాయి విద్వాంసుడి కేస్ స్టడీ

గోదావరి డెల్టాలో ఒక చిన్న పట్టణంలో మానసిక వైద్యుడిగా పని చేస్తున్నాను. ఈ కేసులో మొదటి ఏడాది నేను పొరబడ్డాను. ఎక్కడ పొరబడ్డానో తోటి వైద్యులకూ, ఆసక్తి ఉన్న మామూలు పాఠకులకూ చెప్పాలని రాస్తున్నాను. రోగి అనుమతి తీసుకున్నాను. ఊరు, వయసు, కుటుంబ వివరాలు మార్చాను. వాద్యాన్ని మాత్రం మార్చలేదు. అది మారిస్తే ఈ కేసులో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

నేపథ్యం

ఆయనకు యాభై దాటాయి. తాత నాటి నుంచి మేళం. ఇద్దరు సన్నాయి, ఇద్దరు డోలు, తాళానికి ఒకరు, వెనకాల శ్రుతి పెట్టె. రెండో సన్నాయి అన్నగారి కొడుకు. ఊరి శివాలయంలో వంశపారంపర్యంగా వచ్చిన సేవ ఉంది. అందులో దక్కేది గౌరవమే తప్ప డబ్బు కాదు. ఇల్లు గడిచేది పెళ్లిళ్ల మీద.

మా ప్రాంతంలో శరదృతువు చివర సన్నాయి వాయించేవారి బతుకు ఎలా ఉంటుందో ఇక్కడే చెప్పేస్తాను. నాకు మాత్రం ఇది ఏడాది ఆలస్యంగా తెలిసింది. కార్తీకం రాగానే తెల్లవారుజామున కాలవ స్నానాలు, గుళ్లలో అభిషేకాలు. పంచారామాల్లో అమరావతి పోగా మిగిలిన నాలుగూ, అంటే ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, మా పాత గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి. ఆ నెలంతా రోడ్ల నిండా యాత్రికుల బస్సులే. చిన్న శివాలయాల్లో కూడా నాలుగున్నరకల్లా మేళం మోగాలి. క్షీరాబ్ది ద్వాదశి దాటాక పెళ్లి ముహూర్తాలు మొదలవుతాయి. అవి చాలావరకు అర్ధరాత్రో, తెల్లవారుజామునో. పోలి పాడ్యమి నాడు అరటి డొప్పల్లో దీపాలు కాలవలో వదిలేసరికి మార్గశిరం వచ్చేస్తుంది. ఆ వెంటనే అత్తిలి, బిక్కవోలు లాంటి చోట్ల సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థాలు. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం పట్టిందంటే సంక్రాంతి దాకా పెళ్లి అన్న మాట వినపడదు. అయిదు వారాలు కంటి మీద కునుకు ఉండదు, ఆ తరవాత నాలుగు వారాలు చేతిలో పని ఉండదు.

వచ్చినప్పటి సమస్య

మార్గశిరం మొదటి వారంలో భార్యతో కలిసి వచ్చారు. దిగులు, బాధ, ఏడుపు వంటి మాటలేవీ ఆయన నోట రాలేదు. "దమ్ము చాలడం లేదండీ" అన్నారు. కీర్తన ఎత్తుకుంటే పల్లవి దాటేసరికి ఊపిరి అందడం లేదట. పెదవి పట్టు తప్పుతోందట. ఒప్పుకున్న రెండు పెళ్లిళ్లకు చివరి నిమిషంలో అన్న కొడుకును పంపారు. ఆ సంగతి చెప్పేటప్పుడు నేల చూశారు.

అప్పటికే ఛాతీ డాక్టరు చూశారు. ఊపిరితిత్తుల సామర్థ్యం పరీక్ష ఆయన వయసుకు ఉండవలసిన దానికంటే మెరుగ్గా ఉంది. అన్నేళ్లు సన్నాయి ఊదినవారిలో అది వింత కాదు. గుండె, రక్తం, థైరాయిడ్, చక్కెర అన్నీ సరిగ్గానే ఉన్నాయి. వేరొక చోట నిద్ర కోసం క్లోనజెపామ్ రాసిచ్చారు. పెదవి పట్టు తప్పడానికి సగం కారణం అదేనని నాకు అనిపించింది. ఆ మందు ఒంట్లోంచి త్వరగా పోదు. రాత్రి వేసుకుంటే మర్నాడు కూడా కండరాలు కాస్త వదులుగా ఉంటాయి. మామూలు మనిషికి అది తెలియకపోవచ్చు. పెదవుల బిగువుతో స్వరస్థానం నిలబెట్టుకునే మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఒక్కసారిగా ఆపితే ప్రమాదం కాబట్టి మూడు వారాల్లో మెల్లగా తగ్గించి మానిపించాను. పట్టు కొంత తిరిగి వచ్చింది. దమ్ము రాలేదు.

మూడున్నరకే మెలకువ, ఆకలి లేకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలని లేకపోవడం, "ఇంకెందుకు" అన్న ఆలోచన. డిప్రెషన్ ప్రశ్నావళిలో 27కి 17 వచ్చింది (అంకె పెరిగేకొద్దీ దిగులు ఎక్కువని లెక్క). చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను. "నిద్రలో పోతే బాగుండుననిపిస్తుంది, చేతులారా చేసుకునే పాపం మాత్రం చేయనండీ" అన్నారు. మందులు భార్య దగ్గర ఉంచమన్నాను. రాత్రీ పగలూ పలికే ప్రభుత్వ మానసిక సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించాను. నాలుగేళ్లుగా ఇదే కాలంలో ఇలా అవుతోందని ఆయన చెప్పారు. ఈ "నాలుగేళ్లు" అన్న మాటను మళ్లీ ఎత్తుకుంటాను.

నేను ఆలోచించిన దారులు

ఏటా ఒకే రుతువులో దిగులు వస్తోందంటే పాఠ్యపుస్తకం చదివిన ఎవరికైనా వెలుతురు గుర్తుకొస్తుంది. పగటి వెలుతురు తగ్గే కాలంలో వచ్చే డిప్రెషన్‌ను 1984లో రోజెంతాల్ అనే మానసిక వైద్యుడి బృందం వర్ణించింది. అయితే అది చలి దేశాల లెక్క. లండన్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. మన కోనసీమ సుమారు పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలు. మంచు పట్టిన ఉదయాలను తీసేసినా ఆ వెలుతురు చాలు. పైగా ఈయన గుమ్మం ముందు, గుడి మండపంలో, గట్టు మీద బతికే మనిషి. ఆ దారి అక్కడే వదిలేశాను.

నవంబరు అంటే మా వైపు తుపాను భయం కూడా. 1996 నవంబరు 6 రాత్రిని చూసినవారు ఇప్పటికీ గాలి హోరెత్తితే లేచి కూర్చుంటారు. నేనూ ఆ గాయం కోసం వెతికాను. ఆయన ఆ రాత్రి గురించి చెప్పారు, చెబుతూ నవ్వారు. ఇంటి కప్పు ఎగిరిపోయిన కొన్నాళ్లకే, పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య పందిరి వేసి ఒక పెళ్లి చేశారట. ఆ పెళ్లిలో వాయించినంత హాయిగా మళ్లీ ఎన్నడూ వాయించలేదట. అక్కడ గాయం లేదు. ఉండి తీరాలని పట్టుబట్టేవాళ్లం మేమే.

రెండో విడతలో భార్య ఒంటరిగా మాట్లాడారు. నా లెక్క తప్పింది అక్కడే. "కార్తీకంలో ఈయన మనిషి వేరండీ. రోజుకు మూడు గంటలు పడుకుంటే గొప్ప. మాట ఆగదు. చేతిలో డబ్బు నిలవదు, రాగానే పంచేస్తారు. చిన్నదానికీ కోపం. తరవాత ఇదిగో, ఇలా పడిపోతారు." ఆయన చిన్నాన్న ఒకరు "మతి చలించి" ఊళ్లు పట్టుకు తిరిగేవారని కూడా తెలిసింది. తక్కువ నిద్ర, ఆగని మాట, ఖర్చు, కోపం, ఆ తరవాత దిగులు, కుటుంబంలో చరిత్ర. బైపోలార్, అంటే మనసు ఉప్పొంగడం, కుంగడం మారిమారి వచ్చే రోగం, అనుకోవడానికి ఇంకేమి కావాలి? బైపోలార్ ఉన్నవారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనసు అవతలి ఒడ్డుకు విసురుగా పోయే ప్రమాదం ఉంది. అందుకని సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు రాయబోయిన చేతిని ఆపుకుని, మనసు ఊగిసలాటను నిలకడపరచే లిథియం మొదలుపెట్టాను. అప్పట్లో అది జాగ్రత్త అనుకున్నాను.

ఏది పనిచేయలేదు

లిథియం మంచి మందు, నాకు గౌరవం ఉన్న మందు. కానీ తగిన మోతాదులోనే కొందరికి చేతివేళ్లలో సన్నని వణుకు తెస్తుంది. కాఫీ కప్పు పట్టుకునే వేళ్లకు అది చిన్న సంగతి. రంధ్రాన్ని సగం మూసి గమకం పలికించే వేళ్లకు అది చాలా పెద్ద సంగతి. రెండో సంగతి నాకు అసలు తట్టనే లేదు. పెళ్లి పీటల పక్కన కూర్చున్న మేళగాడు మధ్యలో లేవడానికి వీలుండదని నీళ్లు తాగడు. గంటల తరబడి చెమట. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. మందు రాసేటప్పుడు కిడ్నీ పరీక్ష చేయించాను, పీటల పక్కన ఎంతసేపు కూర్చుంటారని అడగలేదు.

చెప్పిన తేదీకి రాలేదు. సంక్రాంతి తరవాత దారిలో కనపడ్డారు. కళగా ఉన్నారు. మందు పనిచేసిందని లోపల మురిసిపోయాను. ఫిబ్రవరిలో భార్య నిజం చెప్పారు. వేళ్లు వణుకుతున్నాయని పన్నెండో రోజునే మానేశారట. ధనుర్మాసం వెళ్లి ముహూర్తాలు రాగానే మనిషి తనంతట తనే లేచారట. అంటే నా మందుకు దక్కవలసిన పేరు ఏమీ లేదు.

మరి రెండు చిన్న వైఫల్యాలు. రోజూ మనసు ఎలా ఉందో పదికి మార్కులు వేసుకోమన్నాను. "శ్రుతి కలిసిందా లేదా అంటే చెప్పగలనండీ, పదికి ఎంత కలిసిందంటే ఏమి చెప్పను?" అన్నారు. రోజూ అరగంట నడవమన్నాను. నాలుగు రోజులు నడిచి మానేశారు. పని లేని కాలంలో గట్టు మీద నడుస్తుంటే ఎదురైన ప్రతివారూ "ఏమయ్యా, మేళం లేదా?" అని పలకరిస్తున్నారట. ఆ పలకరింపు నుంచి తప్పించుకోవాలనే ఆయన ఇంట్లో ముడుచుకుంటున్నారు. నేనేమో పలకరింపుల మధ్యకు తోశాను.

మలుపు

రెండో ఏడాది ఆశ్వయుజం చివర, అంటే ఇంకా బాగున్నప్పుడే, భార్య పట్టుబట్టి తీసుకొచ్చారు. బయానాలు రాసుకునే పుస్తకాలు కూడా వెంట తెమ్మన్నాను. ఎప్పుడు, ఏ ఊరు, ఏ వేళ ముహూర్తం అన్నీ అందులో ఉంటాయి. వాటినీ ఆ ఏళ్ల పంచాంగం క్యాలెండర్లనూ బల్ల మీద పరిచి ముగ్గురం కూర్చున్నాం. ఆ పూట మిగతా రోగులు బయట విసుక్కున్న మాట నిజమే.

పుస్తకం చూస్తూ భార్య ఒక చోట ఆగారు. "ఈ ఏడాది ఈయనకేమీ కాలేదండీ." నాలుగేళ్లలో ఒక ఏడాది మూఢం వచ్చి కార్తీకంలో ముహూర్తాలు దాదాపు లేవు. బయానాలు లేవు, చేతిలో డబ్బూ లేదు. అయినా మార్గశిరంలో దిగులు లేదు. నేను అప్పటికి డబ్బు ఇబ్బందే అసలు కారణమేమో అన్న ఆలోచనలో ఉన్నాను. ఆ ఒక్క ఏడాది దాన్ని కొట్టేసింది. డబ్బు లేని ఏడాది బాగున్నారు. సంపాదన బాగున్న మూడేళ్లూ పడిపోయారు.

అప్పుడు, ఏడాది కిందట అడగవలసిన ప్రశ్న అడిగాను. కార్తీకంలో మూడు గంటలే పడుకుంటారు కదా, పడుకునే వీలు దొరికితే ఏమి చేస్తారు?

భార్య నవ్వారు. "బస్సు ఎక్కితే చాలండీ. కండక్టరు టికెట్టు కొట్టేలోపే గుర్రు."

కేసంతా ఈ మాటతో తిరగబడింది. హైపోమేనియాలో, అంటే బైపోలార్‌లో మనసు ఉప్పొంగే దశలో, మనిషికి నిద్ర అవసరమే తగ్గిపోతుంది. మూడు గంటలు పడుకుని తాజాగా లేస్తాడు, పరుపు వేసి పెట్టినా పడుకోడు. ఈయనకు అవసరం తగ్గలేదు, వీలు తగ్గింది. రాత్రి ఒంటిగంటన్నరకు ముహూర్తం, తలంబ్రాలు అయ్యేసరికి మూడు, అక్కడి నుంచి బండి మీద గుడికి. ఆగని మాట, కోపం నిద్ర చాలనివాడి చిరాకు. మేలుకుని ఉండడానికి తాగే చిక్కటి టీలూ ఉన్నాయి. పంచేసిన డబ్బంతా కిందటి ధనుర్మాసం నుంచి పేరుకున్న అప్పులకు, డోలువారి వాటాలకు వెళ్లింది. నేను "ఎన్ని గంటలు?" అని అడిగి ఆగిపోయాను. చిన్నాన్న సంగతి అలాగే ఉంది, దాన్ని కొట్టిపారేయలేదు. కానీ ఒక్క దాని మీద రోగ నిర్ధారణ నిలబడదు.

కొత్త లెక్క ఇలా వచ్చింది. వారాల తరబడి రాత్రీ పగలూ తారుమారై ఒంటి గడియారం చెదిరిపోతోంది. అలసట బయటపడే సమయానికే పని పూర్తిగా ఆగిపోతోంది. పనితో పాటు లేచే వేళ, తినే వేళ, నలుగురిలో కూర్చునే వేళ అన్నీ పోతున్నాయి. దిగులు పట్టే అవకాశం ఉన్న మనిషికి ఈ రెండు దెబ్బలూ వెంటవెంటనే తగులుతున్నాయి. దినచర్యలోని వేళలను స్థిరపరచడం మీద అమెరికన్ మనస్తత్వవేత్త ఎలెన్ ఫ్రాంక్ బైపోలార్ రోగుల కోసం రూపొందించిన చికిత్స ఒకటి ఉంది. రోగం వేరైనా పద్ధతి పనికొస్తుందనిపించి అందులోంచి కొంత అరువు తెచ్చుకున్నాను.

ఏది పనిచేసింది

ముందు నిద్ర. పెళ్లిళ్లు తగ్గించుకోమనడానికి నాకు నోరు రాలేదు, అది అన్నంలో చేయి పెట్టడమే. మిగిలింది గుడి. ఉదయ సేవలో రోజు విడిచి రోజు అన్న కొడుకును పంపమన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. తండ్రి జ్వరంతో కూడా మానని సేవ అది. రెండు విడతలు ఆ మాటే నలిగింది. చివరికి దారి ఆయనే చూపారు. సోమవారాలు, ఏకాదశి, పౌర్ణమి తను, మిగతా రోజులు కుర్రవాడు. "వాడికీ స్వామి దగ్గర చేయి కుదరాలి కదండీ" అన్నారు. ఆ మాట నేను చెప్పి ఉంటే ఒప్పుకునేవారు కారు.

పెళ్లి ఉన్న మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా చీకటి గదిలో నిద్ర, ఫోను భార్య దగ్గర. రాత్రి పన్నెండు దాటాక టీ వద్దన్నాను, పూర్తిగా మానలేదు, రెండుకు తగ్గింది. మార్కుల బదులు పంచాంగం క్యాలెండరులో మూడు గుర్తులు ఆయనే ఎంచుకున్నారు. శ్రుతి కలిసిన రోజుకు చుక్క, వెతుక్కున్న రోజుకు అరచంద్రుడు, సన్నాయి పెట్టె తీయని రోజుకు ఏమీ లేదు. ఒక్క రోజు కూడా రాయడం మరచిపోలేదు.

రెండోది ధనుర్మాసం. పని లేనప్పుడు ఆయన సన్నాయి పెట్టె మూసేస్తారు. "ముహూర్తం లేనప్పుడు ఊదితే ఎవరికోసమండీ?" రెల్లు పీక ఎండి బిరుసెక్కుతుంది, పెదవి సాధన తప్పుతుంది, సంక్రాంతి వేళకు పది రోజులు కుస్తీ పడాలి. ఆ కుస్తీని ఆయన "దమ్ము పోవడం" అనుకుంటున్నారు. అందుకని రోజూ ఒకే వేళకు, ఉదయం ఆరున్నరకు, ఇరవై నిమిషాలు దీర్ఘస్వరాలు మాత్రమే. కీర్తనలు వద్దన్నాను. కీర్తన ఎత్తుకుంటే బాగుందా లేదా అన్న విచారణ మొదలవుతుంది. ఒక్క షడ్జం నిలపడంలో ఆ గొడవ లేదు. మొదటి రోజు పదిహేను నిమిషాలకే ఆపేశారు. పదకొండో రోజు డోలు ఆయన వచ్చి పక్కన కూర్చున్నారట. అది నేను రాసిన మందు కాదు.

అయినా షష్ఠి తీర్థం అయిన అయిదో రోజున చుక్కలు పోయి అరచంద్రులు వరసగా వచ్చాయి. అప్పుడు సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తరవాత 50 చేశాను. ఈసారి చేయి ఎందుకు ఆగలేదంటే, హైపోమేనియా అనుకున్న దానికి వేరే వివరణ దొరికింది. లేవలేని స్థితికి చేరేదాకా ఆగితే క్యాలెండరు ప్రయత్నమంతా వృథా అవుతుంది. చిన్నాన్న సంగతి మరచిపోలేదు కాబట్టి ఆరు వారాలు ప్రతి వారం భార్యకు ఫోను చేసి నిద్ర, మాట, ఖర్చు అడిగాను. బస్సులో నిద్రపోతున్నారా అని కూడా అడిగాను. పోతున్నారు.

ఆ ధనుర్మాసంలో ఖాళీ గళ్లు ఆరు. అంతకు ముందటి ఏడాది ఆ నెలలో పెట్టె ఒక్కసారి కూడా తీయలేదు. జనవరి మొదటి వారంలో ప్రశ్నావళిలో 7 వచ్చింది.

మందు ముట్టుకోని భాగం

జనవరి చివర ఒకనాడు, లేవబోతూ మళ్లీ కూర్చున్నారు. ఇప్పటి పెళ్లిళ్లలో సన్నాయి గట్టిమేళం వరకే. మిగతా సమయమంతా డీజే. ఒక పెళ్లిలో కల్యాణి ఆలాపన పంచమం దగ్గరికి వస్తుండగా ఆపమన్నారట. "ఆపండి అని నోటితో కూడా అనలేదండీ. దూరం నుంచి చేయి ఊపారు. ఈగను తోలినట్టు." పీక నోట్లో ఉండగానే ఆపారు. తరవాత గంటసేపు ఆ డీజే పెట్టెల హోరు పక్కనే కూర్చున్నారు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు గట్టిమేళానికి అందుకోవాలి కదా.

దీన్ని ఆలోచనల్లోని వక్రతగా చూపి సరిచేయడానికి నేను ప్రయత్నించలేదు. ఆయన చూసింది నిజమే. అవమానమూ నిజమే. ఆ రోజు ఏమీ రాయకుండా విన్నాను. పంచమం దాటాక ఏమి చేద్దామనుకున్నారని అడిగాను. గొంతుతో పాడి చూపించారు. నాలుగు నిమిషాలు పట్టింది.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు నా గదిలో పంచాంగం క్యాలెండరు వేలాడుతోంది. మేళగాళ్లకు, పురోహితులకు, పెళ్లి వంటవాళ్లకు, పందిరి వేసేవాళ్లకు ఏడాది మనందరి ఏడాదిలా నడవదని దాన్ని చూస్తే గుర్తొస్తుంది. తక్కువ నిద్ర అని ఎవరు చెప్పినా, వీలు దొరికితే పడుకుంటారా అని అడిగాకే కాగితం మీద పెడుతున్నాను. చేతివేళ్లతో బతికేవారికి మందు రాసేముందు ఆ పని నా ఎదుట చేసి చూపించమంటున్నాను. ఈయన చేత మొన్న అక్టోబరులో క్లినిక్‌లోనే సన్నాయి వాయింపించాను. మందులషాపు కుర్రవాడు తలుపు తీసి చూశాడు.

లిథియం రాసిన రోజున నా దగ్గర ఉన్న సమాచారంతో అది పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. అంత సమాచారంతో ఆగిపోవడం మాత్రం తప్పు.

ప్రస్తుతం

సెర్ట్రలిన్ ఇంకా 50 వద్దే ఉంది. వేసవిలో తగ్గిద్దామన్నాను. ఒక ధనుర్మాసం దాటాక చూద్దామని ఆయనే అన్నారు, ఒప్పుకున్నాను. చిన్నాన్న కథ వల్ల ఫైలు మీద ప్రశ్నార్థకం అలాగే ఉంచాను. డబ్బు విషయంలో ప్రతి బయానాలోంచీ కొంత పోస్టాఫీసులో వేస్తున్నారు, పుస్తకం భార్య పేరున ఉంది.

ఈసారి రావలసిన తేదీ సుబ్రహ్మణ్య షష్ఠి నాడు పడింది. కుదరదని ఫోను చేశారు, తీర్థంలో వాయించాలట. మర్నాడు రమ్మన్నాను. మర్నాడు నిద్రపోవాలి కదండీ, మీరే చెప్పారు కదా అన్నారు. ఆ తరవాతి మంగళవారానికి మార్చాం.